పాత షెవెల్‌కి వెనక డిస్క్ బ్రేకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ దగ్గర మా గరాజ్‌లో 1970 షెవర్లే షెవెల్ మాలిబు అనే పాత అమెరికన్ కారు ఒకటుంది. దాని వెనక డ్రమ్ములు తీసేసి డిస్కులు వేశానని తెలిసినప్పటి నుంచి, పాత బండి కొన్న ప్రతి స్నేహితుడూ ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతున్నాడు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నా. డ్రమ్ము బ్రేకంటే చక్రంతో తిరిగే డబ్బాని లోపలి నుంచి షూలు నొక్కి ఆపేది, డిస్కు బ్రేకంటే చక్రంతో తిరిగే పళ్లేన్ని (రోటర్) కాలిపర్ అనే పట్టకారు రెండుపక్కలా ప్యాడ్లతో నొక్కి ఆపేది. నేను మెకానిక్‌ని కాదు, వారాంతాల్లో చేతులు నల్లగా చేసుకునే సాఫ్ట్‌వేర్ మనిషిని. బ్రేకుల విషయంలో ఏమాత్రం అనుమానం ఉన్నా, పని అయ్యాక తెలిసినవాళ్లతో ఒకసారి చూపించుకోండి.

వెనక డిస్కులు వేస్తే బండి తక్కువ దూరంలో ఆగుతుందా?

అందరూ మొదట అడిగేది ఇదే, నా జవాబు ఎవరికీ నచ్చదు. పెద్దగా తేడా ఉండదు. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది, ఆపే పనిలో సుమారు 70 శాతం ముందు చక్రాలే చేస్తాయి. వెనక చక్రాల మీద అప్పుడు బరువే ఉండదు కాబట్టి, మంచి స్థితిలో ఉన్న డ్రమ్ములు కూడా వాటిని సులువుగా లాక్ చేసేస్తాయి, అంటే తిరగడం ఆగి టైరు జారుతుంది. చక్రం లాక్ అయిందంటే అక్కడ అడ్డొస్తున్నది టైరు పట్టే గానీ బ్రేకు కాదు. అసలు తక్కువ దూరంలో ఆగాలన్నదే మీ గోల అయితే ఆ డబ్బుతో మంచి టైర్లు కొనండి.

మరి లాభమేంటి అంటే, బ్రేకు ప్రతిసారీ ఒకేలా పడుతుంది. డ్రమ్ములో షూ తిరిగే దిశలోనే లాక్కుపోయి తనంతట తానే ఇంకా బిగుసుకుంటుంది, అందుకే తక్కువ ఒత్తిడితో ఎక్కువ పని చేస్తుంది, కానీ ఆ గుణం వల్లే నీళ్లు తగిలినా వేడెక్కినా ఒకపక్క ఎక్కువ, ఒకపక్క తక్కువ పట్టి బండిని లాగేస్తుంది. డిస్కుకి ఆ పిచ్చి లేదు. తడిస్తే రెండు తిప్పుల్లో నీళ్లు విసిరేస్తుంది, కొండ దిగేటప్పుడు వేడెక్కినా గాలికి త్వరగా చల్లబడుతుంది, ప్యాడ్లు మార్చడం అరగంట పని. డ్రమ్ములో ఆ స్ప్రింగులు ఒక్కసారి కట్టినవాళ్లకి ఈ ఆఖరి మాట విలువ తెలుస్తుంది.

మరి మీరెందుకు మార్చారు?

నిజం చెప్పాలంటే సగం షోకు. చక్రం సందుల్లోంచి ముందు రోటర్ మెరుస్తూ, వెనక తుప్పు డ్రమ్ము కనిపిస్తుంటే మనసొప్పలేదు. మిగతా సగం ఒక వాన రోజు. రోడ్డు మీద నిలిచిన నీళ్లలోంచి వచ్చి సిగ్నల్ దగ్గర బ్రేకు వేస్తే తోక పక్కకి తిరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఇంటికొచ్చేదాకా నోట మాట లేదు. తర్వాత తెలిసిందేంటంటే ఎడమ వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో షూలని నొక్కేది) కారి షూ తడిసి ఉంది. చిన్న రిపేరుతో పోయేదానికి నేను పెద్ద పని పెట్టుకున్నా. మీరు ముందు డ్రమ్ము విప్పి చూడండి.

ముందు కూడా డ్రమ్ములే ఉన్నాయి. వెనక మాత్రం డిస్కులు వేసుకోవచ్చా?

వద్దు. మొదట ముందు చక్రాలకి డిస్కులు. ఎప్పుడైనా అంతే. వెనక చక్రాలు ముందువాటి కంటే ముందుగా లాక్ అయితే బండి బొంగరంలా తిరుగుతుంది, స్టీరింగ్ మీ చేతిలో ఉన్నా దానికి అర్థం ఉండదు. షెవెల్‌కి 1967 నుంచే ముందు డిస్కులు ఆప్షన్‌గా వచ్చాయి కాబట్టి ముందుకి సామాను దండిగా దొరుకుతుంది. అది పూర్తయి, ఒక ఏడాది నడిపి, అప్పటికీ మనసు ఆగకపోతే అప్పుడు వెనక సంగతి.

ఆ కాలంలో కంపెనీలే ఎందుకివ్వలేదు?

ఇచ్చాయి, అక్కడక్కడా. కార్వెట్‌కి 1965 నుంచి నాలుగు చక్రాలకీ డిస్కులే. 1969 కమారోకి జేఎల్8 అనే ఆప్షన్ ఉండేది, నాలుగు డిస్కులతో, ఆ ఏడాది మొత్తం మీద అమ్ముడైనవి 206 మాత్రమే. 1979లో పాంటియాక్ ట్రాన్స్ యామ్‌కి వెనక డిస్కులు వచ్చాయి. కానీ ఆ రోజుల్లో బండిని అమ్మింది హార్స్‌పవర్. 1970 షెవెల్ ఎస్ఎస్ 454లో ఎల్ఎస్6 ఇంజిన్‌కి కాగితం మీద 450 హార్స్‌పవర్, దాని వెనక చక్రాలకి మాత్రం 9.5 అంగుళాల డ్రమ్ములు! ముందు డిస్కులు ఇచ్చారు, అదే మహాభాగ్యం.

కిట్ ఆర్డర్ పెట్టే ముందు ఏం చూసుకోవాలి?

మీ బండి ఏ సంవత్సరానిదో కాదు, దాని కింద ఇప్పుడున్న యాక్సిల్ (వెనక చక్రాల ఇరుసు) ఏదో చూసుకోవాలి. యాభై ఏళ్లలో ఎవరేం మార్చారో బండి పేపర్లలో ఉండదు. షెవర్లేలో అయితే యాక్సిల్ మధ్యలోని గేర్ల డబ్బా వెనక కవర్ బోల్టులు లెక్కపెట్టండి, 10 ఉంటే టెన్ బోల్ట్, 12 ఉంటే ట్వెల్వ్ బోల్ట్. ఫోర్డ్ మస్టాంగ్ అయితే 8 అంగుళాలదో 9 అంగుళాలదో ఉంటుంది. వాటిలో యాక్సిల్‌ని హౌసింగ్ (దాని చుట్టూ ఉండే గొట్టం) చివర నాలుగు నట్ల ప్లేటు పట్టుకుని ఉంటుంది కాబట్టి విప్పడం తేలిక, కానీ హౌసింగ్ చివర్లు రెండు మూడు రకాలు, బేరింగ్ సైజు కొలవకుండా బ్రాకెట్ కొంటే పట్టదు. క్రైస్లర్ వాళ్ల 8¾లో యాక్సిల్ ఆటని సరిచేసే అడ్జస్టర్ ఒకటి కుడిపక్క ఉంటుంది, దాన్ని మళ్లీ సెట్ చేయడం మర్చిపోకూడదు.

షాక్‌లు కూడా చూడండి. 1968 నుంచి కమారోలో ఒక షాక్ యాక్సిల్ ముందు, ఇంకొకటి వెనక ఉంటాయి. కాలిపర్ అక్కడే వచ్చి కూర్చుంటే రెండూ గుద్దుకుంటాయి. కాలిపర్ ఏ పక్కకి వస్తుందో కిట్ అమ్మేవాళ్లని ఫోన్ చేసి అడగండి, ఫొటో చూసి నమ్మకండి.

సి-క్లిప్ యాక్సిల్ అంటే ఏంటి, అందరూ దాని గురించి అంత భయపెడతారెందుకు?

షెవర్లే టెన్ బోల్ట్, ట్వెల్వ్ బోల్ట్‌లలో యాక్సిల్ బయటికి రాకుండా పట్టుకునేది డిఫరెన్షియల్ (మధ్యలోని గేర్ల డబ్బా) లోపల ఉండే సి ఆకారపు చిన్న క్లిప్. డ్రమ్ము వెనకుండే ప్లేటు తీయాలంటే యాక్సిల్ బయటికి రావాలి, యాక్సిల్ రావాలంటే ఆ క్లిప్ ఊడాలి. అంటే వెనక కవర్ విప్పి గేర్ ఆయిల్ దింపి, మధ్యలో ఉన్న పిన్నుని పట్టుకున్న లాక్ బోల్టు తీసి, పిన్ను లాగి, యాక్సిల్‌ని లోపలికి నెట్టి క్లిప్ తీయాలి. వినడానికి పెద్దది గానీ చేస్తే గంట పని.

భయమల్లా ఆ లాక్ బోల్టు. సన్నది, పాతది, విరుగుతుంది. నాది విరిగింది. శనివారం సాయంత్రం, కొట్లన్నీ మూసే టైముకి. విరిగిన ముక్కని ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్టుతో తిప్పి తిప్పి బయటికి తెచ్చేసరికి ఆదివారం మధ్యాహ్నమైంది, మా ఆవిడ వచ్చి ‘ఇంకా ఆ ఒక్క బోల్టేనా?’ అని అడిగింది. అందుకే చెప్తున్నా, కొత్త లాక్ బోల్టు, కొత్త యాక్సిల్ సీళ్లు, కవర్ గాస్కెట్, 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ ముందే తెచ్చి పెట్టుకోండి. పోసీట్రాక్షన్ (రెండు వెనక చక్రాలకీ బలం పంచే డిఫరెన్షియల్) ఉంటే లిమిటెడ్ స్లిప్ అడిటివ్ కూడా. యాక్సిల్ ఎలాగూ బయటికొచ్చింది కదా, బేరింగ్ తిరిగే చోట గాడి పడిందేమో వేలితో తడిమి చూడండి. డిస్కులు వేశాక సీలు కారి ప్యాడ్ల మీద నూనె పడితే మళ్లీ మొదటికే.

ఇంకో మాట. సి-క్లిప్ యాక్సిల్ పక్కకి కొద్దిగా ఆడుతుంది, అది సహజం. కాలిపర్ కూడా పక్కకి జరిగే రకమైతే ఇబ్బంది లేదు. రెండు పక్కలా పిస్టన్లుండి కదలకుండా బిగించే రకమైతే, మలుపు తిరిగినప్పుడల్లా రోటర్ వెళ్లి ప్యాడ్లని వెనక్కి తోసేస్తుంది, తర్వాతి బ్రేకుకి పెడల్ కిందికి పోతుంది. రంగు చూసి రేసు కాలిపర్లు కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కొత్త కిట్టా, పాత సామాను మార్కెట్టా?

మస్టాంగ్ వాళ్లకి పాత సామానులో అదృష్టం ఎక్కువ. 1995 నుంచి 2001 దాకా వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ల 8.8 యాక్సిల్ డిస్కులతో సహా వస్తుంది, బోల్టుల కొలత కూడా ఐదు బోల్టుల మస్టాంగ్‌దే. ఒకపక్క ట్యూబు పొడవు ఎక్కువ కాబట్టి చాలామంది కోసి పొట్టి చేయించుకుంటారు, స్ప్రింగు కూర్చునే చోట వెల్డింగ్ ఎలాగూ తప్పదు. లింకన్ వెర్సైల్స్ 9 అంగుళాల యాక్సిల్ కూడా ఒకప్పుడు ఇలాగే వేటాడేవాళ్లు. షెవర్లే వాళ్లు 1998-2002 కమారో వెనక బ్రేకుల్ని బ్రాకెట్లతో వేసుకుంటారు. అది 12 అంగుళాల రోటర్, చక్రంలో పడుతుందో లేదో ముందే కొలుచుకోండి. మొదటిసారి చేసేవాళ్లకి మాత్రం కొత్త కిట్టే నా సలహా. తేడా వస్తే కనీసం ఎవరినో ఒకరిని అడగొచ్చు.

హ్యాండ్ బ్రేక్‌తో ఇంత గొడవెందుకు?

మనం అలవాటుగా హ్యాండ్ బ్రేక్ అంటాం గానీ షెవెల్‌లో అది కాలితో నొక్కేదే. ఈ మొత్తం పనిలో ఎక్కువమంది తల పట్టుకునేది ఇక్కడే. రెండు పద్ధతులున్నాయి. ఒకటి, 1970ల కాడిలాక్ ఎల్డొరాడోలో వచ్చిన రకం. కాలిపర్‌లోనే ఒక లివర్ ఉంటుంది, కేబుల్ లాగితే లోపలి మరచుట్టు తిరిగి పిస్టన్‌ని నొక్కుతుంది. చవక కిట్లలో ఎక్కువగా ఇవే ఇస్తారు. రెండోది, రోటర్ మధ్యలో టోపీలా ఉబ్బిన భాగం లోపల చిన్న డ్రమ్ము, దానికి చిన్న షూలు. ఎక్స్‌ప్లోరర్‌లో, ఆ 1998 కమారోలో ఉన్నది ఇదే.

ఎల్డొరాడో రకంలో తిరకాసు ఏంటంటే, ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్‌ని ముందుకి జరిపి ఉంచేది ఆ హ్యాండ్ బ్రేక్ లివరే. మీరు రోజూ హ్యాండ్ బ్రేక్ వాడకపోతే పిస్టన్ వెనకే ఉండిపోతుంది, ప్యాడ్‌కీ రోటర్‌కీ మధ్య సందు పెరుగుతుంది, ఆ సందు మూయడానికే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసేది) తోసే ఆయిల్ అయిపోతుంది, పెడల్ సగం దాకా దిగిపోతుంది. నేను తెలియక రెండు వారాలు ‘గాలి ఉంది, గాలి ఉంది’ అంటూ బ్లీడింగ్ (బ్రేకు పైపుల్లోంచి గాలి తీయడం) చేస్తూనే ఉన్నా. గాలీ లేదు, దుమ్మూ లేదు. కేబుల్ ఊడదీసి, లివర్‌ని చేత్తో మళ్లీ మళ్లీ ఆడించి, ప్యాడ్ రోటర్‌కి దాదాపు ఆనేదాకా తెచ్చి, లివర్ పూర్తిగా వెనక్కి వచ్చి ఆగిందని చూసుకుని, అప్పుడు కేబుల్ తగిలిస్తే పెడల్ రాయిలా నిలబడింది. కేబుల్‌ని బిగుతుగా కట్టి లివర్‌ని సగంలో ఆపేస్తే ఈ సర్దుబాటు జరగదు, అది కూడా గుర్తుంచుకోండి.

మళ్లీ చేయాల్సొస్తే నేను రెండో రకమే తీసుకుంటా, డబ్బు ఎక్కువైనా. కొన్ని కిట్లలో హ్యాండ్ బ్రేకే ఉండదు. అవి రేసు ట్రాక్ బళ్లకి. రోడ్డు మీద తిరిగే బండికి అవి కొనకండి.

మాస్టర్ సిలిండర్ మార్చాలా?

డ్రమ్ములకిచ్చింది ఉంటే మార్చాల్సిందే. డ్రమ్ము లైన్లలో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వ్ ఉంటుంది. డ్రమ్ములో షూలని వెనక్కి లాగే స్ప్రింగులుంటాయి కాబట్టి ఆ ఒత్తిడితో బాధలేదు, డిస్కులో స్ప్రింగు లేదు, ఆ కాస్త ఒత్తిడికే ప్యాడ్ రోటర్‌ని ఒరుసుకుంటూ కాల్చేస్తుంది. పైగా డ్రమ్ము మాస్టర్‌లో ఆయిల్ గిన్నె చిన్నది, ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్ మింగే ఆయిల్‌కి అది చాలదు.

బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) కొలత విషయంలో పెద్దది మంచిదనుకోకండి. బోరు పెరిగితే పెడల్ గట్టిపడుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. బూస్టర్ (ఇంజిన్ వాక్యూమ్‌తో పెడల్‌కి బలం కలిపేది) లేని బండికి అంగుళం లేదా అంతకంటే కాస్త తక్కువ, బూస్టర్ ఉంటే 1-1/8 అంగుళం దాకా వాడతారు. షెవెల్ పెడల్‌కి రెండు కన్నాలుంటాయి, పైది బూస్టర్ లేనివాళ్లకి, కిందిది ఉన్నవాళ్లకి. రాడ్ తప్పు కన్నంలో ఉంటే ఎంత మంచి సామాను వేసినా మొద్దుగానే ఉంటుంది. నా స్నేహితుడొకడు ఇదొక్కటి చూసుకోకుండా రెండు మాస్టర్లు మార్చాడు.

ప్రొపోర్షనింగ్ వాల్వ్ నిజంగా అవసరమా? కిట్‌తో రాలేదు.

అవసరం. నన్నడిగితే మొత్తం పనిలో ప్రాణం ఇక్కడుంది, రోటర్‌లో కాదు. వెనకకి వెళ్లే ఒత్తిడిని తగ్గించి, ముందు చక్రాలే మొదట లాక్ అయ్యేలా చూసేది ఇదే. బండిలో ముందే ఉన్న పాత ఇత్తడి కాంబినేషన్ వాల్వ్‌లోనూ ఇదే పని చేసే భాగం ఉంటుంది గానీ అది వెనక డ్రమ్ముల కోసం చేసింది, వెనక డిస్కులకి దాని లెక్క సరిపోదు. దాన్ని తీసి నాలుగు డిస్కులకి చేసిన వాల్వ్ వేసుకోవచ్చు, లేదా వెనక లైనులో తిప్పి సరిచేసుకునే వాల్వ్ పెట్టుకోవచ్చు. పాతదాన్ని ఉంచి దాని తర్వాత ఇది కూడా వేస్తే రెండుసార్లు కోత పడుతుంది, వెనక బ్రేకులు ఉన్నట్టు కూడా తెలియదు. అలాగే ఈ వాల్వ్ తగ్గించగలదు గానీ పెంచలేదు. వెనక బ్రేకు చాలట్లేదంటే తప్పు ఇంకెక్కడో ఉంది.

సెట్ చేసేటప్పుడు ముందుగా వెనక ఒత్తిడి బాగా తగ్గించి మొదలుపెట్టండి. ఖాళీ స్థలంలో, పొడి నేల మీద, 30 మైళ్ల వేగంలో గట్టిగా నొక్కండి. బయట ఒకరు నిలబడి ఏ చక్రం మొదట లాక్ అయిందో చూడాలి. కొద్దికొద్దిగా పెంచుతూ, వెనకవి ముందుగా లాక్ అయిన చోటు నుంచి కాస్త వెనక్కి తిప్పి ఆపేయండి. ఆ తర్వాత వేగం పెంచి ఇంకోసారి చూడాలి, వేగంలో బరువు ముందుకి ఇంకా ఎక్కువ వాలుతుంది. టైర్లు మార్చినప్పుడు మళ్లీ చూసుకోండి.

ఎంత బ్లీడ్ చేసినా పెడల్ మెత్తగానే ఉంది. ఏం చేయను?

ముందు కాలిపర్ దగ్గర కూర్చుని గాలి తీసే నిపుల్ ఎటు ఉందో చూడండి. అది పైకి ఉండాలి. కుడి కాలిపర్ ఎడమకి, ఎడమది కుడికి వేస్తే సరిగ్గా పట్టేస్తుంది, నిపుల్ మాత్రం కిందికొస్తుంది, గాలేమో పైన దాక్కుంటుంది. నవ్వకండి, చాలా మామూలు తప్పు. అది సరిగ్గానే ఉంటే మాస్టర్‌ని బండికి బిగించక ముందు బల్ల మీద పెట్టి గాలి తీశారా లేదా, ఆపైన నేను చెప్పిన లివర్ సంగతి. గాలి తీసే వరస: మాస్టర్‌కి దూరంగా ఉన్న వెనక కుడి, తర్వాత వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. హోస్ బోల్టుకి రెండుపక్కలా రాగి వాషర్లు, ప్రతిసారీ కొత్తవి. పైపు కోయాల్సొస్తే చివర డబుల్ ఫ్లేర్ (అంచుని రెండు మడతలుగా విప్పార్చడం) చేయించండి, నీళ్ల పైపుకి వాడే కంప్రెషన్ జాయింట్లు బ్రేకు లైనుకి పనికిరావు.

ఇంజిన్‌కి పెద్ద కామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) వేశాను, బూస్టర్ పనిచేయట్లేదు.

బూస్టర్‌కి సుమారు 18 అంగుళాల (పాదరసం కొలతలో) వాక్యూమ్ కావాలి. గుడగుడమని ఊగే ఐడిల్ ఉన్న ఇంజిన్ అంత ఇవ్వదు. వాక్యూమ్ పంపు పెట్టుకోండి, లేదా పవర్ స్టీరింగ్ పంపుతో నడిచే హైడ్రోబూస్ట్‌కి వెళ్లండి, లేదంటే బూస్టర్ తీసేసి చిన్న బోరు మాస్టర్‌తో కాళ్లకి వ్యాయామం చేయించండి.

14 అంగుళాల పాత చక్రాలు ఉంచుకోవచ్చా?

చాలా కిట్లకి కుదరదు, 15 మొదలు. డ్రమ్ము మందానికీ రోటర్ మందానికీ తేడా ఉంటుంది కాబట్టి చక్రం కొద్దిగా లోపలికో బయటికో జరుగుతుంది, ఫెండర్‌కి తగులుతుందేమో చూసుకోండి.

ఏ బ్రేకు ఆయిల్?

డాట్ 3 లేదా డాట్ 4. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, డాట్ 4 అయితే 230. డాట్ 5 సిలికాన్‌ది, మిగతావాటితో కలపకూడదు. పెయింట్ మీద డాట్ 3 చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, ఫెండర్ మీద మచ్చ నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

పాత డ్రమ్ముల్లో దుమ్ము కంప్రెసర్‌తో ఊదేయొచ్చా?

అస్సలు వద్దు. ఆ కాలపు షూలలో ఆస్బెస్టాస్ ఉండేది. బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి, మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని గరాజ్‌లోకి రానివ్వకండి.

ఖర్చెంత, ఎన్ని రోజులు?

కిట్ వందల డాలర్ల నుంచి మొదలై వెయ్యి దాటుతుంది. దాని పక్కన మాస్టర్, వాల్వ్, పైపులు, సీళ్లు, కేబుళ్లు, ఆయిల్ అంటూ చిన్న చిన్నవన్నీ కలిసి ఇంకో కిట్ అంతవుతాయి. రెండు రోజులన్నారు నాకు. నాలుగు వారాంతాలు పట్టింది, అందులో ఒకటి ఆ బోల్టుకే.

ఇన్‌స్పెక్షన్, ఇన్సూరెన్స్ ఇబ్బందులున్నాయా?

టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు బళ్లకి ఏటా జరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. అంటే మీ బ్రేకులు చూసే మూడో మనిషి ఇక లేడు, కాబట్టి మీరే చూసుకోవాలి. వేరే రాష్ట్రాల రూల్స్ వేరు. ఇన్సూరెన్స్ వాళ్లకి మార్పు సంగతి మెయిల్‌లో చెప్పి ఉంచండి.

విజయవాడలో మా బావ దగ్గర కాంటెస్సా ఉంది. దానికి చేయొచ్చా?

కాంటెస్సాని మన మజిల్ కారు అనుకునే వాళ్లలో నేనూ ఒకణ్ణి, కానీ అక్కడ చట్టం వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ నుంచి బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ముందు ఆర్టీవో ఆఫీసులో అడగమనండి, తర్వాతే పానా పట్టుకోమనండి.

పని అయిపోయింది. ఇక రోడ్డెక్కొచ్చా?

మొదట కదలకుండా ఇంజిన్ ఆన్ చేసి పెడల్‌ని ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టండి, మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది. తర్వాత ఇంటి వీధిలోనే నడక వేగంలో నాలుగుసార్లు ఆపి చూడండి. ప్యాడ్లని అలవాటు చేసే పద్ధతి ప్యాడ్ల డబ్బాలోనే రాసి ఉంటుంది, అది పాటించండి. వాల్వ్ సెట్టింగ్ ఆ తర్వాతే. మొదటి వంద మైళ్లయ్యాక చక్రాలు విప్పి కాలిపర్ బోల్టులు, హోస్‌ల బిగువు, సీళ్ల దగ్గర తడి చూడండి. చక్రం పూర్తిగా పైకీ కిందికీ కదిలినప్పుడు హోస్ లాగబడటం గానీ ఎగ్జాస్ట్‌కి తగలడం గానీ లేదని కూడా చూడాలి. నాది కుడిపక్క తగిలింది, కాలిన రబ్బరు వాసన వచ్చేదాకా తెలియలేదు. పది సెంట్ల ప్లాస్టిక్ టైతో హోస్‌ని పక్కకి కట్టాక తగ్గింది, ఇప్పటికీ ఆయిల్ మార్చినప్పుడల్లా ముందు అక్కడే చెయ్యి పెట్టి చూస్తా.